పొట్టి గేరు రాడ్డు

కారు రిచర్డ్‌ది. అతను చనిపోయిన ఏడాదికి చెల్లెలు డోరా దాన్ని బొల్లారంలో సదాశివ మెకానిక్ షెడ్డుకు తెచ్చింది. రోడ్డు మీదైనా, రేసు ట్రాక్ మీదైనా గేరు చటుక్కున పడాలని రిచర్డ్ కొనిపెట్టుకున్న పొట్టి గేరు రాడ్డు పెట్టెలోనే ఉండిపోయింది. అది వేయించాలని ఆమె కోరిక.

ఆ రాత్రి సదాశివ రాడ్డు బిగించి, జాకీల మీద లేపిన కారు కిందికి దూరాడు. పైన ఒకరు గేర్లు మారుస్తుంటే కింద రాడ్డును గేరుబాక్సుకు కలిపే లింకు సరిగా కదులుతోందో లేదో చూడాలి.

"డోరమ్మా, జెర సీట్ల కూసొని ఫస్ట్ వెయ్యి."

లింకు కదిలింది. గేరు రాడ్డు మీది గుండుకు ఉంగరం తగిలినట్టు పైన రెండుసార్లు టక్ టక్‌మంది.

"సెకండ్."

పడింది. మళ్లీ టక్ టక్.

"మస్తుగ పడుతున్నయ్," అన్నాడు సదాశివ తృప్తిగా.

దూరంగా రైలు కూత వేసి పోయింది. ఆ వెంటనే షెడ్డు గేటు కిర్రుమంది. డోరా చెప్పులు నడుచుకుంటూ వచ్చి కారు పక్కన ఆగాయి.

"సారీ సదాశివగారూ, ఫోనొస్తే బయటికి పోయిన. ఇప్పుడు కూర్చోవాల్నా?"

సదాశివ ముఖానికి జానెడు ఎత్తులో లింకు కదిలింది. అడగకుండానే మూడో గేరు పడింది. టక్ టక్.

ఆ చప్పుడుకు డోరా చెప్పులు ఒక అడుగు వెనక్కి వేశాయి. అన్న ఉంగరం చప్పుడు ఆమె ఎరిగినదే. మెల్లగా మాట్లాడింది, సదాశివతో కాదు.

"అన్నయ్యా, స్టార్ట్ చెయ్యకు. కింద మనిషున్నడు."