పెద్దన్న క్షమాపణ

"అమ్మా, ఈ సవరణ మీరే వేశారా?"

పెద్దాయన చేతికర్ర బల్లకు ఆనించి, పేపరు మడత విప్పాడు. మూడో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చాడేమో, మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతున్నాడు.

పేజీలక్క కంప్యూటర్ మీంచి తల తిప్పింది. ఆ దినపత్రికలో పేజీలు కూర్చేది ఆవిడే కాబట్టి అందరికీ ఆ పేరే అలవాటైపోయింది. పొద్దుటి నుంచి పేజీలు మార్చి మార్చి ఆవిడకు మెడ పట్టేసింది.

"వేశాం కదండీ. ఇంకేం కావాలి?"

"పాఠకులు గమనించగలరు అని రాశారు. భూతద్దం పెట్టి మరీ గమనించానమ్మా."

నవ్వొచ్చింది కానీ ఆవిడ నవ్వలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

'నర్సే దొంగ' అని మొదటి పేజీలో వేసిన వార్త అది. ఆసుపత్రిలో ఒక రోగి గొలుసు పోయింది. నర్సు మీద ఫిర్యాదు వెళ్ళింది. ఆమె ఉద్యోగం ఊడింది. తీరా చూస్తే గొలుసు ఆ రోగి దిండు గలీబులోనే దొరికింది.

ఆ వార్త వేసిన రోజు చెప్పుకోదగ్గది వేరే ఏమీ లేక, హెడ్డింగుకు పెద్దన్నను దింపారు.

పెద్దన్న అంటే మనిషి కాదు, ఫాంటు. ఆఫీసులో ఉన్నవాటిలోకెల్లా పాతది. నిలువు గీతలు లావుగా, మెలికలు సన్నగా, ప్రతి గీత చివరా చెక్కినట్టు ఒక కొన.

తుఫాను వచ్చినా, ప్రభుత్వం పడిపోయినా, గొప్పవాళ్ళు పోయినా పెద్దన్నే రావాలి. మామూలు వార్తలకు పనికిరాడు, నాలుగు లైన్లు చదివేసరికి కళ్ళు లాగేస్తాయి. కానీ ఒక్క మాట అన్నాడంటే వీధి చివరికి కూడా కనిపిస్తుంది. పెద్దన్న చెబితే అబద్ధం కూడా నిజంలాగే నిలబడుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఆ మాట వేసిన అక్షరాల్లోనే ఇదీ వేయండమ్మా," అన్నాడు పెద్దాయన. "అమ్మాయికి ఎక్కడా పని ఇవ్వడం లేదు. ఆ వార్త దాచుకున్నవాళ్ళున్నారు, ఈ సవరణ చూసినవాళ్ళు లేరు. పెద్ద నోటితో అన్నమాట చిన్న నోటితో వెనక్కి తీసుకుంటే ఎలా?"

"తప్పు మాదేనండీ. కాదనను."

"మీ ఒక్కరిదే కాదులెండి."

పాపం, కన్నతండ్రి అనుకుంది పేజీలక్క. లేచి ఎడిటర్ గదిలోకి వెళ్ళి అడిగింది.

"పెద్దన్నతో క్షమాపణ చెప్పిస్తే రేపు మన హెడ్డింగులు ఎవరు నమ్ముతారమ్మా?" ఎడిటర్ తల కూడా ఎత్తలేదు. "కన్నవాళ్ళకి బాధ ఉంటుంది. కొన్నాళ్ళు తిరిగి వాళ్ళే ఊరుకుంటారు."

పెద్దాయన ఊరుకోలేదు. రోజు విడిచి రోజు వచ్చేవాడు. లావు అక్షరాలే కావాలంటాడని ఆఫీసు ఆయనకు 'బోల్డు తాత' అని పేరు పెట్టేసింది. పేజీలక్క ఒకసారి మంచినీళ్ళిచ్చింది, ఒకసారి టీ ఇప్పించింది. ఇవ్వాల్సింది మాత్రం ఇవ్వలేకపోయింది. మొహం చూపించడానికి కూడా ఓపిక లేని ఒక సాయంత్రం, "నేను లేనని చెప్పు," అంది రిసెప్షన్ అమ్మాయితో.

అద్దం తలుపు అవతల నిలబడి ఆయన ఆవిడనే చూస్తున్నాడు.

"పనిలో ఉన్నట్టున్నారు. రేపొస్తాలెండి," అని మెల్లగా మెట్లు దిగాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

మొదట ఆవిడకు హాయిగా అనిపించింది. తర్వాత అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. మెట్ల మీద ఎవరు దగ్గినా తల తిప్పి చూసేది.

ఎడిటర్ సెలవు పెట్టిన రోజున మొదటి పేజీ ఆవిడ చేతికొచ్చింది. పైనున్న వార్తను కిందికి దింపింది. పెద్దన్నను పెట్టి 'నర్సు దొంగ కాదు' అని వేసింది. దాని కింద, తప్పు మాదే అని ఒక్క లైను. రేపు తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. భయం వేసింది, అయినా మార్చలేదు.

తెల్లారగానే విలేకరిని అడిగి చిరునామా తెలుసుకుని, పేపరు పట్టుకుని నర్సు ఇంటికి వెళ్ళింది. ఒకే ఒక్క గది. నర్సు ఎవరివో చొక్కాలకు గుండీలు కుడుతోంది.

ఆవిడ ఇంకా గుమ్మంలో ఉండగానే, గది ఆ చివరి నుంచే నర్సు ఆ అక్షరాలు చదివేసింది. సూది పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచి పేపరు అందుకుంది.

"ముందు మీ నాన్నగారికి చూపించమ్మా," అంది పేజీలక్క. "దీనికోసం మా మెట్లెక్కి దిగి అలిసిపోయారు. నేనే ఒకరోజు లేనని చెప్పించాను. క్షమించమని అడగాలి."

"మా నాన్న నా చిన్నప్పుడే పోయారండీ."

"మరి ఆ పెద్దాయన? చేతికర్ర, బాగా ఆయాసం..."

నర్సు తలుపు వైపు చూసింది.

"ఆయన మొన్న ఆసుపత్రిలో పోయారు. అంతకుముందు ఒకసారి ఈ గుమ్మం దాకా వచ్చారు. నేను మొహం మీదే తలుపేసేశాను."

"అయ్యో, అదేంటమ్మా? ఎవరాయన?"

నర్సు పేపరు మడిచింది.

"గొలుసు నేనే తీశానని ఫిర్యాదు చేసిన పేషెంటు ఆయనేనండీ."