రెండు కండువాల దర్జీ

ప్రభుత్వం మారిన నాలుగో రోజే దర్జీ అబ్దుల్ వాహిద్ మెడలో కండువా కూడా మారింది.

జమ్మలమడుగు శివార్లలో ఆయన కొట్టుకు ఎదురుగానే ప్రాథమిక పాఠశాల. హెడ్మాస్టరు త్రివిక్రమరావు అది చూసి, గోడ మీద పిల్లి అని నవ్వుకున్నాడు.

ఒకరోజు వాహిద్ ఆ కండువాతోనే బడిలోకి వచ్చి, పిల్లలెంతమంది అని అడిగాడు.

"పద్నాలుగు మంది. నీకెందుకప్పా? రాజకీయాలు గేటు బయట పెట్టుకో."

వాహిద్ కండువా మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఐదేళ్లకు ప్రభుత్వం మళ్లీ మారింది. వాహిద్ కండువా మళ్లీ మారింది. అప్పటినుంచి త్రివిక్రమరావు ఆయన్ని పలకరించడమే మానేశాడు.

ప్రభుత్వం మారితే ముందు పిల్లల బ్యాగుల మీద బొమ్మ మారుతుంది, తర్వాత బెల్టు రంగు మారుతుంది, చివరికి ఏ తరగతి ఏ ఊళ్లో ఉండాలో కూడా మారుతుంది. పిల్లలు తక్కువున్న బడులను దూరం బడుల్లో కలుపుతామని వాళ్లూ అన్నారు, వీళ్లూ అన్నారు.

ఈ బడి కలిస్తే పిల్లలు ముద్దనూరు రోడ్డు దాటాలి. పొద్దస్తమానం థర్మల్ ప్లాంటు బూడిద లారీలు తిరిగే రోడ్డు. పద్నాలుగు మందిలో తొమ్మిదిమంది ఆడపిల్లలు. వాళ్లనెవరూ అంత దూరం పంపరు.

రెండుసార్లు జాబితాలో బడి పేరు వచ్చింది, రెండుసార్లూ పోయింది. తన అర్జీల బలమేనని త్రివిక్రమరావు మీసం మెలేశాడు.

ఈ ఏడు మూడోసారి వచ్చింది. ఆయన మండల ఆఫీసుకు పరుగెత్తాడు.

గుమాస్తా పెంచలమ్మ పాత ఫైలు తీసింది. ఆయన అర్జీలు కవర్లు కూడా విప్పకుండా ఉన్నాయి.

"ఇవి ఎవురు చదివినారు సార్? ఆ దర్జీ సాయిబే నాయకుల ఇండ్లకాడ పొద్దన్నించీ కూచోని చెప్పించినాడు. కండువా లేకుంటే గేటుకాడనే ఆపేస్తారంట. ఈ తూరి రాలేదే?"

వాహిద్ చనిపోయి రెండు నెలలైంది. బడి ఎదుటి మనిషైనా తను చూడటానికి కూడా పోలేదు. త్రివిక్రమరావుకు సిగ్గేసింది.

తిన్నగా ఆ కొట్టుకే వెళ్లాడు. మిషను మీద వాహిద్ కూతురు షహనాజ్ కుడుతోంది.

మీ నాయన పని ఇక నేను చేస్తాను, కండువా వేసుకోమన్నా వేసుకుంటాను అన్నాడు. కొత్త అర్జీ ముందు పెట్టి, మొదటి సంతకం నువ్వే చెయ్యమన్నాడు.

ఆమె పెన్ను అందుకోలేదు, బొటనవేలు చాపింది.

"మీ ఇంట్లో పిల్లలెవరూ మా బడిలో చదవలేదు. ఆయనకెందుకు తల్లీ ఇంత పట్టుదల?"

షహనాజ్ వేలికంటిన సిరా చూసుకుంటూ మెల్లగా చెప్పింది.

"నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మా పాత ఊరి బడి ఎత్తేసినారు సార్, దూరం బడికి రోడ్డు దాటల్లని భయపడి నన్ను మాన్పించింది మా నాయనే."