ఎడమ చేతి ముడి

"పట్టాకు కత్తెర పెట్టకు సిద్ధన్నా," అన్నాడు మల్లేశం.

సిద్ధిరాములు చేతిలో కత్తెర ఆగింది. భివండిలో తుపాకులు అమ్మే దుకాణం అతనిది. వారంటీ ఉన్న తుపాకీని రిపేరుకు ఫ్యాక్టరీకి పంపాలంటే పెట్టెలో ఒట్టి తుపాకీయే ఉండాలి. తూటాలు, సంచి, భుజానికి తగిలించుకునే పట్టా ఏవీ ఉండకూడదని వాళ్ల రూలు. ఈ తుపాకీ పట్టా ఎప్పుడో తెగితే ఎవరో మగ్గం నూలుతో రింగుకు కట్టి బిగించారు. ఆ ముడి ఎంతకీ రావడం లేదు.

"నేను ఇప్పుత తియ్. అది ఓదెమ్మ కట్టింది."

ఓదెమ్మ మల్లేశం భార్య. పోయి పద్నాలుగు రోజులైంది. మొన్న ఆదివారమే దినాలు అయ్యాయి. మల్లేశం గుండు మీద ఇంకా వెంట్రుక సరిగ్గా మొలవలేదు. సిద్ధిరాములు కత్తెర పక్కన పెట్టేశాడు. ఆడమనిషి పోయిన ఇంట్లో మగవాడికి ఇలాంటి చాదస్తాలు పుడతాయని అతనికి తెలుసు. అతని ఇంట్లో నాలుగేళ్ల కిందట పోయిన భార్య పసుపు డబ్బా ఇప్పటికీ అలాగే ఉంది.

మల్లేశం ముడి విప్పుతుంటే సిద్ధిరాములు వంగి చూశాడు. దుకాణం పెట్టకముందు అతను కూడా పవర్‌లూమ్ మీద పదేళ్లు తెగిన పోగులు అతికినవాడే.

"ఎడమ చేతి ముడి లెక్కుందే," అన్నాడు.

మల్లేశం అవునన్నాడు. కండెలు చుట్టే కార్ఖానాలో ఓదెమ్మ ముడి ఏదో అందరికీ తెలిసేదట. మెలిక అవతలి వైపుకు తిరిగి ఉండేది. కొసను కత్తెరతో కాకుండా పంటితో కొరికేది, ఎంత చెప్పినా వినేది కాదు. విప్పిన నూలు పోగును మల్లేశం జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు.

సిద్ధిరాములు వారంటీ కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. కొని ఎనిమిది నెలలు. లైసెన్సు నంబరు ఫలానా. ట్రిగ్గర్ నొక్కితే పేలడం లేదు. ఎప్పుడు చెడిందని అడిగితే మల్లేశం సోమవారం అన్నాడు. లోపం ఎలా బయటపడిందో రాయడానికి ఇంకో గడి ఉంది.

"దేని మీదికి కాల్చినవ్?"

మల్లేశం తల దించుకుని చొక్కా జేబు తడుముకున్నాడు. గోడౌన్ దగ్గర ఏ పిచ్చికుక్కనో బెదిరించబోయి ఉంటాడు, చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాడు అనుకుని సిద్ధిరాములు ఆ గడిని ఖాళీగా వదిలేశాడు. తుపాకీ తిరిగి రావడానికి రెండు నెలలు పడుతుందన్నాడు.

మల్లేశం ముఖం వాడిపోయింది. మాన్‌కోలిలో ఒక గోడౌన్‌కు అతను గన్‌మన్. తుపాకీ అతని సొంతం. ఆ ఉద్యోగం నిజానికి తుపాకీకి ఇచ్చిందే, మనిషి దాని వెంట వచ్చినవాడు. శనివారంలోగా తుపాకీతో రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటానని గోడౌన్ యజమాని చెప్పేశాడు.

"రెండు నెలలంటే ఎట్లనే? ఆ ఇంట్ల పొద్దంత ఒక్కణ్ణే కూసునుడు నాతోని కాదు."

గొంతు చూస్తే ఉద్యోగం కోసం బతిమాలుతున్నట్టు లేదు, ఆ ఇంటికి భయపడుతున్నట్టు ఉంది. సిద్ధిరాములుకు జాలి వేసింది. మరలు విప్పితే వారంటీ పోతుంది గానీ చూడ్డానికేం అనుకుని, పెట్టెకు మేకులు కొట్టబోయేవాడు ఆగి, టార్చి తెచ్చాడు. ట్రిగ్గర్ దూరే సందులోకి వెలుతురు వేసి కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపల తెల్లగా ఏదో కనబడింది.

సన్నటి కొక్కెం పెట్టి లాగాడు. నూలు. లాగేకొద్దీ వస్తూనే ఉంది, ముడి మీద ముడి, జానెడు పొడుగు. అంతా బయటికొచ్చాక ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమని మోగింది.

"తుపాకిల ఏ లోపం లేదు మల్లేశం. ఎవరో కావాల్నని కుక్కిండ్రు. గోడౌన్‌ల నీకు గిట్టనోళ్లు ఎవరన్న ఉన్నరా?"

మల్లేశం ఆ నూలు అందుకున్నాడు. జేబులోని పోగు తీసి బల్ల మీద దాని పక్కన పరిచాడు. రెండింటి మెలికా అవతలి వైపుకే తిరిగి ఉంది. రెండింటి కొసా పంటితో కొరికిందే. చివరి నెల రోజులు ఓదెమ్మ మంచం దిగలేదు. మంచినీళ్ల గ్లాసు ఎత్తాలన్నా చెయ్యి వణికేది. తుపాకీ ఆ మంచం పక్కనే గోడకు ఆనించి ఉండేది. ఇన్ని ముళ్లు ఆ చేత్తో ఎన్ని రోజులు వేసిందో. మల్లేశం కళ్లు తుడుచుకోలేదు. నీళ్లు నూలు మీద పడుతున్నా చూస్తూ ఊరుకున్నాడు.

సిద్ధిరాములు కూడా ఆ ముడిని గుర్తుపట్టాడు. రోగంతో తెలివి తప్పి చేసి ఉంటుందిలే అని సర్దిచెప్పి, తుపాకీని అతని ముందుకు జరిపాడు.

"పంపుడు అక్కర లేకపాయె. తీస్కపో. ఇయ్యాల్నే డ్యూటీ ఎక్కు."

మల్లేశం దాన్ని ముట్టుకోలేదు.

"నాకొద్దు. నీ తాన్నే ఉండనీ. ఎవరికన్న అమ్మెయ్."

"నౌకరి పోదా మరి? మంచిగున్న తుపాకిని ఎందుకు ఇడిసిపెడ్తవ్?"

మల్లేశం రెండు పోగులనూ చుట్టి గుప్పిట్లో పెట్టుకున్నాడు. వారంటీ కాగితాన్ని ముందుకు లాక్కుని, సిద్ధిరాములు ఖాళీగా వదిలిన గడి మీద వేలు పెట్టాడు.

"దేని మీదికి కాల్చినవని అడిగినవు గద అన్నా," అన్నాడు. "నా మీదికే."