మాయమయ్యే విద్య, మొదటి పాఠం

తొలి ఏకాదశి, గురువారం పొద్దున్న తొమ్మిది గంటలకు, దేవుడి దగ్గర దీపం ఇంకా వెలుగుతుండగానే, మా పెరట్లో గిన్నెకోడి మంత్రశాస్త్రం బడి తెరిచింది. శిష్యులు ఎర్రపెట్ట పిల్లలు.

“గద్దకు కనబడకుండా మాయమయ్యే విద్య ఇది. ముందు సిద్ధాంతం, మంత్రం తర్వాత,” అంది గిన్నెకోడి.

“అందాకా గద్ద వస్తే, గురువుగారూ?” అంది అన్నిటికన్నా చిన్నపిల్ల.

“పాఠం మధ్యలో పరిగెత్తేవాళ్లకు విద్య అబ్బదమ్మా. కళ్లు మూసుకుని కూర్చో.”

“మా అమ్మ నాకు రెక్క కింద దూరడమే నేర్పింది,” అని గొణిగింది ఎర్రపెట్ట.

“అది విద్య కాదు తల్లీ, అలవాటు.”

అంతలో గద్ద నీడ పడింది. తల్లి ఎంత పిలిచినా పిల్లలు కదల్లేదు. గురువుగారు గడ్డివాములో దూరారు. ఎర్రపెట్టే గద్దతో కలబడి, రెక్క చీరుకుపోయినా పిల్లలను దక్కించుకుంది.

చిన్నపిల్ల కళ్లు తెరిచింది. “గురువుగారు నిజంగానే మాయమయ్యారే,” అంది భక్తిగా.

మర్నాడు పొద్దున్నే మేము ఎర్రపెట్ట రెక్కకు పసుపు రాసి, తల్లినీ పిల్లలనూ గంప కింద మూశాం. గిన్నెకోడి అందరికంటే ముందే అందులో దూరి రెండో పాఠం మొదలుపెట్టింది. గద్ద వచ్చి, పెరడంతా వెతికి వెళ్లిపోయింది.

“మనం కనబడలేదమ్మా. అంతా గురువుగారి చలవ,” అంది చిన్నపిల్ల, తల్లి రెక్క కింద సర్దుకుంటూ.