చక్రాలకు చోటు

“స్కేట్లు ఇచ్చేస్తానమ్మా. కానీ ఇంకెప్పుడూ బయట స్కేటింగ్ చేయనని అమ్మాయి సంతకం పెట్టాలి,” అన్నాడు మునిసిపల్ గోడౌన్ స్టోర్‌కీపర్, కిటికీలోంచి.

కూతురు తల్లి వంక చూసింది. మర్నాడు పొద్దున స్కేటింగ్ జట్టుకు ఎంపిక. మలుపు తిరిగేటప్పుడు ఎడమకాలు ఇంకా తడబడుతోంది. మధ్యాహ్నం పార్కులో సాధన చేస్తుంటే కాపలాదారు స్కేట్లు విప్పించి పట్టుకెళ్లాడు. పిల్ల సాక్సులతో ఇంటికి నడిచి వచ్చింది.

“పార్కులో వద్దు, సరే. ఫుట్‌పాత్ మీద?” అంది తల్లి.

“నడిచేవాళ్లకు తగులుతుంది. కుదరదు.”

“రోడ్డు మీద?”

“ట్రాఫిక్ వాళ్లు ఊరుకోరు.”

“బజారు వెనక ఖాళీ స్థలం ఉందిగా?”

“అదీ బహిరంగ ప్రదేశమే కదమ్మా.”

“అయితే మా ఇంట్లో మంచం కింద చేసుకోమంటారా?”

స్టోర్‌కీపర్ రూల్సు కాగితం తిరగేసి చూశాడు. “ఇల్లు మా పరిధిలోకి రాదు,” అన్నాడు. వెటకారం లేదు.

తల్లి దర్జీ. సగం కుట్టిన చొక్కాను మిషన్ మీదే వదిలేసి వచ్చింది. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది.

“అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. అలా ఉంది మీ వరస.”

“రూల్సు నేను రాయలేదమ్మా. మునిసిపాలిటీ స్కేటింగ్ రింకులో చేసుకోవచ్చని కూడా అందులోనే ఉంది.”

“రింకు కట్టామన్నారు. తెరిచిందెప్పుడు? ఎవరినడిగినా త్వరలోనే అంటారు. మీ త్వరకి మా పిల్ల ముసలిదైపోతుంది.”

“పోనీలే అమ్మా,” అంది కూతురు. “పెట్టేస్తాను. స్కేట్లు లేకపోతే రేపు అసలు నిలబడనే నిలబడలేను.”

సంతకం పెట్టింది. స్టోర్‌కీపర్ తలుపు తీసి లైటు వేశాడు. లోపల నిలువెత్తు గుట్టలు. ఒకవైపు స్కేట్‌బోర్డులు, ఒకవైపు లేసులతో జతకట్టిన స్కేట్లు. ఓ జత లాగి చూపించాడు.

“ఇవేనా?”

“నావి నీలం లేసులండీ.”

గుట్ట ఎక్కాడు. పైనున్నవి జారి నేల మీద దొర్లాయి. చొక్కా తడిసేదాకా వెతికి, దొరికిన జతను తన తువ్వాలుతో తుడిచి పిల్ల చేతికిచ్చాడు.

“రేపు బాగా చెయ్యి తల్లీ. ఈ సాయంత్రం కాస్త సాధన చేసుకో.”

తల్లికి ఒళ్లు మండింది. “ఎక్కడ చేసుకోవాలండీ? పుండు మీద కారం చల్లకండి. ఆ రింకు ఎప్పుడు తెరుస్తారో అదొక్కటి చెప్పండి చాలు.”

స్టోర్‌కీపర్ దొర్లిపోయిన బోర్డొకటి తీసి మళ్లీ గుట్ట మీద పెట్టాడు.

“పిల్లలు బయట స్కేటింగ్ మానేస్తే తెరుస్తారమ్మా. పట్టుకున్నవి పెట్టడానికి ఎక్కడా చోటు లేక, రింకునే ఇలా గోడౌన్ చేశారు.”