దారికడ్డంగా

పికప్ బండి ఆగీ ఆగకముందే రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.

ఎర్రమట్టి రోడ్డుకు అడ్డంగా పెద్ద దుంగ పడి ఉంది. దాని వెనక చిపంబ ఊరి తల్లుల సంఘం. అందరికంటే ముందు, సంఘం పెద్ద ముసోండ.

ఊళ్లో ఆస్పత్రి కట్టి రెండు వానాకాలాలు దాటాయి. గోడలకు రంగులు వేశారు. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించారు. నర్సు మాత్రం రాలేదు. కిందటేడు ముసోండ కూతురు నది అవతలి మిషన్ ఆస్పత్రికి పోయే దారిలో, సైకిలు మీదే, కాన్పు కాకుండానే కన్నుమూసింది.

సంఘం అర్జీలు పెట్టింది. జిల్లా ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ముసోండ రేడియోలో కూడా మాట్లాడింది. అయినా కదలిక లేదు. పైగా, ఎవరూ వాడని ఆస్పత్రి మంచాలను జిల్లావాళ్లు వేరే ఊరికి పట్టుకుపోతారని పుకారు.

అందుకే ఈ దుంగ.

పికప్‌లోంచి లావుపాటి మనిషి దిగాడు. మోకాళ్లు వంచి, అరచేతులు రెండూ మెల్లగా తట్టి, పెద్దవాళ్లకు మర్యాద చేశాడు.

“దారివ్వండి తల్లీ. చిపంబ వెళ్లాలి.”

“ఎవరు పంపారు?” అడిగింది ముసోండ.

“జిల్లా ఆఫీసు.”

“అబ్బో, జిల్లా ఆఫీసుకి మా ఊరి దారి తెలుసే,” అంది కసుబ. ఆమె నోటికి ఊరంతా జడుస్తుంది.

ఎవరూ నవ్వలేదు. ముసోండ కొడుకు లోంబె పికప్ వెనక్కి వెళ్లి తొంగి చూశాడు.

“ఖాళీ బండి. తాళ్లు మాత్రం ఉన్నాయమ్మా.”

ఆ మనిషి చెమట తుడుచుకున్నాడు. “ఆస్పత్రిలో మంచాలు ఎలా ఉన్నాయి? పనికొచ్చేలా ఉన్నాయా?”

గుంపు ఒక్కసారిగా బిగుసుకుపోయింది.

“వచ్చిన పని వాడే చెప్పేశాడు,” అంది కసుబ. “మంచాల కోసమొచ్చావా నాయనా? మా శవాలు పడుకోడానికైనా వాటిని ఉండనివ్వరా?”

“కాదమ్మా, ముందు నా మాట వినండి...”

“మీ మాటలు వినీ వినీ మా చెవులు అరిగిపోయాయి.”

ఆడవాళ్లు దగ్గరికి జరిగారు. డ్రైవరు ఇంజను ఆపనేలేదు. “ఎక్కండి సార్. వీళ్ల వాలకం బాగాలేదు,” అన్నాడు లోపలి నుంచి.

ఆ మనిషి వినలేదు. ఒక కాలు దుంగకు ఇవతల పెట్టాడు.

“ముసోండమ్మ ఎవరు? ఆవిడతో మాట్లాడాలి.”

“పేరు కూడా తెలుసుకొనే వచ్చాడు,” వెనక నుంచి ఎవరో అన్నారు. “రేపు పోలీసులొస్తారు చూడండి.”

ముసోండ ఒక అడుగు ముందుకేసింది. “నేనే,” అంది.

సంఘం ఎవరి మీదా చెయ్యెత్తదు. ఆ నియమం ముసోండ పెట్టిందే. లోంబె వంగి రాయి తీయడం ఆమె చూసింది. వద్దనలేదు.

రాయి ఆ మనిషి కనుబొమ మీద తగిలింది.

అతను దుంగ మీద కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారింది. డ్రైవరు పరుగున వచ్చి రెక్క పట్టుకుని లేపాడు. బండెక్కబోతూ అతను ముసోండ వైపు తిరిగాడు.

“అడగడం మాత్రం మానకండమ్మా.”

“దెబ్బ పడ్డాక బుద్ధొచ్చింది,” అంది కసుబ. ఈసారి అందరూ నవ్వారు.

పికప్ వెనక్కి తిరిగి జిల్లా వైపు వెళ్లిపోయింది. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. చల్లటి మున్కోయో పానీయం కుండ చేతులు మారింది. ముసోండ ఒక గుక్క తాగింది.

“గెలిచినట్టేనా అక్కా?” అడిగింది పక్కనున్నామె.

“మంచాలైతే పోలేదు,” అంది ముసోండ.

పొద్దు వాలుతుండగా పొరుగింటామె రొప్పుతూ వచ్చింది. లోంబె భార్య చోలకు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. రక్తం ఆగడం లేదు.

“బండి కావాలి. ఏదైనా బండి,” అన్నాడు లోంబె, రోడ్డు ఆ చివరికీ ఈ చివరికీ చూస్తూ.

ఆ రోజు ఆ దారిన వచ్చిన బండి ఒక్కటే.

చోలను సైకిలు వెనక కూర్చోబెట్టారు. పడిపోకుండా నడుముకు చితెంగె గుడ్డ కట్టారు. లోంబె సైకిలు నెట్టాడు. ముసోండ కోడలి వీపుకు చెయ్యి ఆనించి పక్కనే నడిచింది. దారిలోనే ఊరి ఆస్పత్రి. అద్దంలోంచి వరసగా మంచాలు కనిపిస్తున్నాయి.

“ఇక్కడే దింపెయ్యండత్తా,” అంది చోల.

“తాళం తల్లీ. లోపల ఎవరూ లేరు.”

నది దాటి మిషన్ ఆస్పత్రి చేరేసరికి దీపాలు పెట్టారు. చోలను లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

చాలాసేపటికి ఒక చిన్న వయసు నర్సు బయటికి వచ్చింది.

“తల్లికి గండం గడిచింది. బిడ్డ దక్కలేదు. నొప్పులు మొదలైనప్పుడే పని తెలిసిన చెయ్యి పడుంటే ఇద్దరూ దక్కేవాళ్లు.”

లోంబె గోడకు జారబడి కూర్చున్నాడు.

“ఏ ఊరు మీది?” అడిగింది నర్సు.

“చిపంబ.”

“చిపంబా? మరి ఇంత దూరం ఎందుకు తీసుకొచ్చారు? మా పెద్ద నర్సుగారు అక్కడే ఉన్నారుగా.”

“మాకు నర్సు ఎవరూ లేరు తల్లీ.”

“లేకపోవడమేంటమ్మా. ఇక్కడ పురుళ్లన్నీ ఆయన చేతి మీదే జరిగేవి. రేడియోలో మీ ఊరావిడ మాటలు విని, అందరూ వద్దంటున్నా జిల్లావాళ్ల వెంటపడి మరీ మీ ఊరికి బదిలీ వేయించుకున్నారు. పొద్దున్నే జిల్లా బండిలో బయల్దేరారే.”

ముసోండ తలుపు చెక్క పట్టుకుంది.

“లావుగా ఉంటారు,” అంది నర్సు. “దారిలో మీకెవరికీ ఎదురుపడలేదా?”