ఒంటి గజ్జె

పెద్ద నాయకుడి కారు పరకాల దాటిందని ఫోన్ వచ్చింది. భూపాలపల్లి ధూంధాం సభకు అన్నీ సిద్ధం. స్టేజీ పక్కన చక్రాల కుర్చీ కూడా ఉంది. అందులో కూర్చోవాల్సిన మనిషే లేడు.

సకల జనుల సమ్మెతో బొగ్గుబాయిలు బంద్. మీటింగులు మాత్రం రోజూ ఉన్నాయి. నిరుడు రాస్తారోకోలో లారీ కింద పడి కాలు పోగొట్టుకున్న టేకుమట్ల యువకుడి గురించి స్థానిక నాయకుడు లక్ష్మీకాంత్ ప్రతి మీటింగులోనూ చెప్పాడు. ఈ సాయంత్రం అతన్ని చూపిస్తానని పెద్ద నాయకుడికి మాటిచ్చాడు. వచ్చే ఎన్నికల టికెట్ ఆ మాట మీదే ఉంది.

టేకుమట్లకు పంపిన జీపు ఖాళీగా వచ్చింది.

"ఊరంత అడిగిన అన్నా" అన్నాడు డ్రైవర్ పోశాలు. "మా ఊళ్లె కాలు లేనోడు ఎవ్వడు లేడు, అందరు నడుస్తనే ఉన్నరన్నరు."

"లేకుంటెట్ల? దవాఖానకు పోయి పండ్లిచ్చి రాలేదా నేను? నా చెయ్యి పట్టుకొని ఏడ్చిండు!"

స్టేజీ వెనక కళాకారులు పంచెలు ఎగగట్టుకుంటున్నారు. సంపత్ ప్యాంటు మీదే ఉన్నాడు. కుడి కాలికి గజ్జె కడుతున్నాడు. ఏడాది తర్వాత మళ్లీ ఆడబోతున్నాడు. ఉప్పలమ్మ పాడే మొదటి పాటకు ఆట అతనిదే.

లక్ష్మీకాంత్ అతని ముందు ఆగాడు.

"తమ్మీ, ఒక్క కాలికే గజ్జేంది?"

"గా చప్పుడు సాలన్నా."

"అయితే గదిప్పు. ఈ కుర్చీల కూసో. ఒక కాలు మడిచి దుప్పటి కప్పుకో. నేను పేరు పిలుస్త. నువ్వు ఏడ్వాలె."

"ఏం పేరు పిలుస్తవన్నా?"

లక్ష్మీకాంత్ ఆలోచించాడు.

"నీ పేరేంది?"

"సంపత్."

"గదే పిలుస్త."

పక్కనే ఉన్న ఉప్పలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి నా ఆట?" అన్నాడు సంపత్.

"ఆటెవడు చూస్తడు తమ్మీ? కాలు లేదంటెనే చూస్తరు."

"నువ్వు దవాఖానల పండ్లిచ్చినాయన మొఖం యాదికున్నదా అన్నా?"

"మర్సిపోతనా? కండ్లల్లనే ఉన్నడు."

బయట కార్ల హారన్లు మోగాయి. జనం లేచారు. మైకులో లక్ష్మీకాంత్‌ను పిలుస్తున్నారు.

"ఏ కాలు మడువాలె?" అన్నాడు సంపత్, కుర్చీలో కూర్చుంటూ.

"కుడిది. అన్ని మీటింగులల్ల కుడిదనే చెప్పిన."

"ఎడమదైతే అలవాటున్నదన్నా."

"ఏదో ఒకటి! జల్ది!"

సంపత్ ప్యాంటు మోకాలి పైకి లాగి, పట్టీలు విప్పి, ఎడమ కాలు ఊడదీసి లక్ష్మీకాంత్ చేతిలో పెట్టి, "జర పట్టుకో అన్నా, ఏడ్సుడు అయినంక తొడుక్కొని ఆడుత" అన్నాడు.